కూలెంట్ గొడవ: రిపోర్టులో లేని రీడింగ్

బాలానగర్‌లో కూలెంట్ (యంత్రాలను చల్లబరిచే ద్రవం) తయారుచేసే ఒక చిన్న యూనిట్‌కీ, వాళ్ల దగ్గర సరుకు కొన్న డేటా సెంటర్ కాంట్రాక్టర్‌కీ మధ్య గొడవ మళ్లీ రాజుకుంది. నీళ్లు, గ్లైకాల్ మిశ్రమంలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) నానో కణాలు, అంటే అతి సూక్ష్మమైన రేణువులు, కలిపిన ద్రవం అది. దాంతో ఉష్ణవాహకత, అంటే వేడిని ప్రసరింపజేసే గుణం, బాగా పెరిగిందని అమ్మినవాళ్ల రిపోర్టు. అదే డబ్బాలోంచి తీసిన శాంపిల్‌ని కొన్నవాళ్లు ఇంకో ల్యాబ్‌లో చూపిస్తే, పెరిగింది చాలా స్వల్పమని తేలింది.

ఈ పేచీ అర్థం కావాలంటే 2009 దగ్గరికి వెళ్లాలి.

అప్పటికి పరిశోధకులంతా ఒక అంకె చుట్టూ తిరుగుతున్నారు. ఇథిలీన్ గ్లైకాల్‌లో ఘనపరిమాణం లెక్కన 0.3 శాతం రాగి నానో కణాలు కలిపితే ఉష్ణవాహకత 40 శాతం దాకా పెరిగిందని 2001లో అమెరికాలోని ఆర్గాన్ ల్యాబ్ బృందం ప్రకటించింది. ఇలాంటి ద్రవాలకు 'నానోఫ్లూయిడ్' అనే పేరు 1995లో పుట్టిందీ అక్కడే. మాక్స్‌వెల్ పాత సూత్రం (మిశ్రమాల వాహకతను లెక్కగట్టేది) ప్రకారం గుండ్రటి కణాలు అంత తక్కువగా ఉంటే పెరుగుదల ఒక శాతం కూడా ఉండకూడదు. అయినా 40 అనే అంకే జనం నోట నిలిచింది.

2009లో ఎంఐటీకి చెందిన బువాన్‌జోర్నో, సహచరులు ఒక ఉమ్మడి పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ముప్ఫైకి పైగా సంస్థలకు ఒకే రకం శాంపిళ్లు పంపి, ఎవరి పద్ధతిలో వాళ్లు కొలవమన్నారు. చాలామంది అంకెలు సగటుకు 10 శాతం అటూ ఇటూగానే వచ్చాయి. పెరుగుదల మాక్స్‌వెల్ లెక్కకు సరిపోయింది, అద్భుతమేమీ కనిపించలేదు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటుంది. పద్ధతికీ పద్ధతికీ మధ్య కనిపించిన చిన్న తేడాలు, కణాలు కలపని ద్రవాన్ని కూడా అదే పరికరంలో కొలిచి ఆ రీడింగ్‌తో భాగిస్తే దాదాపు పోయాయి.

ఎందుకో ఈ కొలతకు వాడే హాట్ వైర్ పరికరం చూస్తే తెలుస్తుంది. వెంట్రుక కంటే సన్నని ప్లాటినం తీగను ద్రవంలో నిలబెట్టి కరెంటు పంపుతారు. తీగే హీటరు, తీగే థర్మామీటరు. అది ఎంత తొందరగా వేడెక్కుతోందో చూసి వాహకత లెక్క కడతారు. ఇదంతా ఒకట్రెండు సెకన్లలో అయిపోవాలి. ఆలస్యమైతే వేడెక్కిన ద్రవం పైకి కదిలి వేడిని మోసుకుపోతుంది, వాహకత లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. పరికరం వల్ల వచ్చే ఇలాంటి తప్పు కణాలు లేని ద్రవం రీడింగ్‌లోనూ ఉంటుంది, భాగిస్తే చాలావరకు రద్దవుతుంది. నీళ్ల వంటి ద్రవాల్లో ఒట్టి తీగ పెడితే కరెంటే ద్రవంలోకి కారిపోతుంది. అందుకే 1981లో జపాన్‌లో నాగసాకా, నాగాషిమా తీగకు ఇన్సులేషన్ పూత వేసి కొలిచారు.

కొన్నవాళ్లు చూపించిన ల్యాబ్‌కి నేను వెళ్లాను. టెక్నీషియన్ ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేశాడు. పక్క బల్ల మీది పంపు కూడా ఆపించాడు. రీడింగ్‌కీ రీడింగ్‌కీ మధ్య ద్రవం కుదుటపడేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని పట్టికలో మొదటి వరుస స్వేదనజలం. 25 డిగ్రీల దగ్గర మీటరుకు, కెల్విన్‌కు 0.607 వాట్లు రావాలి, దానికి దగ్గరగానే వచ్చింది. రెండో వరుస కణాలు లేని మిశ్రమం. కూలెంట్ మూడోది.

తాజాగా కలిపిన సరుకునే కొలిచామని, నిల్వలో కణాలు అడుగుకు చేరి ఉంటాయని అమ్మినవాళ్లు అంటున్నారు. వాళ్ల రిపోర్టులో ఉన్నది ఒకే వరుస. కణాలు కలపని మిశ్రమం విలువను పుస్తకంలోంచి తీసుకున్నారు. ఆ మిశ్రమం ఒక లీటరు ఇవ్వమని కాంట్రాక్టర్ రాతపూర్వకంగా అడిగాడు. ఇంకా రాలేదు.