నాలుగు మీటర్ల గండి: సెనెగల్ నది మొగ దగ్గర ఒక ఊరు ఎలా పోయింది

సెనెగల్‌లోని సెయింట్ లూయిస్‌కి వెళ్లే టూరిస్టులు పాత ఫ్రెంచి మేడలు, జూజ్ అభయారణ్యంలో గూడబాతుల గుంపులు చూసుకుని తిరుగు ప్రయాణం కడతారు. పడవ మాట్లాడుకుని నది వెంట దక్షిణాన గాండియోల్ వైపు వెళ్లేవాళ్లకి మాత్రం నీళ్లలో కూలిన గోడలు కనిపిస్తాయి. అది దున్ బాబా జేయ్. గోదావరి జిల్లాల వాడుకలో చెప్పాలంటే లంక గ్రామం. చేపలు, కూరగాయలు, పశువుల మీద బతికిన ఊరు. దాన్ని సముద్రం మింగేసిందని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు గానీ, సముద్రానికి దారి తీసింది మనుషులే.

ఇక్కడ నది నేరుగా సముద్రంలో కలవదు. లాంగ్ ద బార్బరీ అనే సన్నటి ఇసుకదిబ్బ అడ్డుంటుంది. అలలు ఉత్తరం నుంచి ఇసుక మోసుకొచ్చి ఆ దిబ్బను దక్షిణానికి సాగదీస్తూ పోతాయి. నది దాని పక్కనే పారి, చివర ఎక్కడో మొగ వెతుక్కుంటుంది. 2003కి ముందు ఆ మొగ నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దిగువన ఉండేది. దిబ్బ తనంతట తాను తెగడం, మళ్లీ పూడటం కొత్తేమీ కాదు. 1659లో ఫ్రెంచివాళ్లు స్థావరం వేసుకున్నది ఈ నది మధ్యలోని పల్లపు దీవి మీదే. 1895 నుంచి 1902 దాకా ఫ్రెంచి పశ్చిమాఫ్రికా మొత్తానికి అదే రాజధాని. అంత పెద్ద ఊరు అంత పల్లంలో ఉన్నప్పుడు వరద వస్తే టెన్షన్ తప్పదు.

నది తీరు మారింది మాత్రం ఆనకట్టలతో. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే సహేల్ ప్రాంతంలో కరువు రోజుల్లో, 1972లో, మాలి, మౌరిటానియా, సెనెగల్ కలిసి నది అభివృద్ధికి ఓఎంవీఎస్ అనే సంస్థ పెట్టుకున్నాయి. 1986లో నగరానికి ఎగువన పాతిక కిలోమీటర్ల దూరంలో దియామా బ్యారేజీ, తర్వాత రెండేళ్లకు మాలిలో మనంతలి డ్యామ్ పూర్తయ్యాయి. అంతకుముందు ఎండాకాలంలో ఉప్పునీరు నదిలో 200 కిలోమీటర్లకు పైగా ఎగదన్నేది. దియామా దాన్ని ఆపింది, ఎగువన వరి సాగు పెరిగింది. అయితే ఏడాది పొడుగునా నిలిచిన మంచినీళ్లలో జమ్ము అడవిలా పెరిగింది, నత్తలూ పెరిగాయి. ఆ నత్తల ద్వారా సోకే బిల్హార్జియా అనే జబ్బు ఎగువన ఉన్న రిషార్-టోల్ పట్టణాన్ని పట్టుకుంది. లాభం ఎగువన, నష్టం ఎవరికి దక్కితే వాళ్లకి.

2003లో పెద్ద వరద వచ్చింది. అక్టోబరు మొదట్లో సెయింట్ లూయిస్ వీధుల్లోకి నీళ్లు వచ్చేశాయి. నగరానికి ఏడు కిలోమీటర్ల దక్షిణాన దిబ్బకు గండి కొట్టారు. వెడల్పు నాలుగు మీటర్లు. రెండు రోజుల్లో నగరంలో నీటిమట్టం తగ్గింది. ఆ పని అంతవరకు బాగానే చేసిందని ఒప్పుకోవాలి. కానీ తవ్వే ముందు కింది ఊళ్ల మీద దాని ప్రభావం ఏమిటో ఎవరూ లెక్కగట్టలేదు. ఇసుకదిబ్బలో గండి కొట్టడం మన చేతిలో పనే, దాన్ని నాలుగు మీటర్ల దగ్గర ఆపడం కాదు. కొద్ది రోజుల్లోనే అది 80 మీటర్లయింది, ఏడాది తిరగకముందే వందల మీటర్లు, ఆ తర్వాత కిలోమీటర్లు. పాత మొగ పూడిపోయింది. నగరం దగ్గర జానెడు ఎత్తుకు మించని ఆటుపోట్లు మీటరు దాకా పెరిగాయి.

గండికి ఎదురుగా ఉన్నది దున్ బాబా జేయ్. దిబ్బ అడ్డు పోయాక అలలు నేరుగా ఊరి మీదికే వచ్చాయి. కుటుంబాలు ఒక్కొక్కటిగా సామాను సర్దుకుని గాండియోల్ మెరకలకు చేరాయి. అక్కడా కష్టాలే. గాండియోల్ ఉల్లికి పేరున్న ప్రాంతం. ఇసుకలో లోతులేని బావులు తవ్వి, బకెట్లతో తోడి మడులు తడుపుతారు. ఇసుక కింద ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటి పొరే వాళ్ల ఆధారం. ఉప్పు పైకి వచ్చాక చాలా బావులు పనికిరాకుండా పోయాయి. మొక్క నాటాక నీళ్లు ఉప్పగా మారితే రైతు చేయగలిగేదేమీ లేదు.

దిబ్బ మీదే కిక్కిరిసి ఉన్న గెత్ ఎన్‌దార్ మత్స్యకారుల వాడది ఇంకో బాధ. రంగులద్దిన పొడవాటి పడవలు, ఉప్పు పట్టించి చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు, చేపలు మోసే గుర్రపు బళ్లు. ఫొటోలు తీసుకోవడానికి అందరూ వచ్చేది ఇక్కడికే. వీళ్ల చేపతో, నూకలతో వండే చెబు జెన్ 2021లో యునెస్కో జాబితాకెక్కింది. (సెనెగల్ తినే నూకల్లో మన దేశం నుంచి, కాకినాడ రేవు మీదుగా వెళ్లేవీ ఉంటాయి. 2022 సెప్టెంబరులో ఇండియా నూకల ఎగుమతి ఆపేసినప్పుడు అక్కడ ఎందుకు కంగారుపడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది.) నదిలోంచి సముద్రంలోకి వెళ్లాలంటే పడవలు ఈ కొత్త మొగ దాటాలి. అక్కడ ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, అలలు విరుచుకుపడతాయి. పడవలు బోల్తాపడి చాలామంది చనిపోయారు.

2017, 2018లో తుపాను అలలు గెత్ ఎన్‌దార్ ఇళ్లనూ కూల్చాయి. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నిర్వాసితులను లోపలికి, జూగోప్ అనే చోటికి తరలించారు. ఇల్లు వచ్చింది గానీ సముద్రం దూరమైంది. తెల్లవారుజామున వేటకెళ్లే మనిషికి ఆ దూరం చిన్నదేమీ కాదు. ఇప్పుడు తీరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరాన సముద్రంలో గ్యాస్ ప్రాజెక్టు టెర్మినల్ వచ్చింది, 2025 మొదట్లో గ్యాస్ తీయడమూ మొదలైంది. దాని చుట్టూ పడవలు రాకూడదు. అవి తాము తరతరాలుగా వేటాడిన చోట్లేనంటున్నారు మత్స్యకారులు.

గండిని ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మూస్తే మళ్లీ వరద భయం, వదిలేస్తే గాండియోల్ బావులకి ఉప్పు.