మంచునేల మీద ఎయిర్ బేస్: అడుగున ఉన్న ఖాళీని మూయకండి

"బిల్డింగ్ కింద ఇంత ఖాళీ ఎందుకు? చలిగాలి దూరుతోంది, చెక్కలు కొట్టి మూసేస్తే పోలా?" పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) మీద కట్టిన బేస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మాట ఇది. పోదు. మూస్తే పోయేది బిల్డింగే.

గడ్డకట్టిన నేల రాయిలా మోస్తుందన్నది నిజమే, గడ్డకట్టి ఉన్నంతవరకే. మట్టి రేణువులను పట్టి ఉంచేది మంచు. అది కరిగితే మిగిలేది బురద. గ్రీన్‌లాండ్‌లో 1951లో మొదలుపెట్టి కట్టిన థూలే బేస్‌లో (2023 నుంచి పిటుఫిక్) బ్యారక్‌లను నేలకు ఎత్తుగా నిలిపింది అందుకే. హ్యాంగర్లను (విమానాలు నిలిపే షెడ్లను) అలా ఎత్తలేరు కాబట్టి ఫ్లోర్ కింద చలిగాలి ఆడేలా గొట్టాలు పరిచారు. చలికాలం వాటి మూతలు తీసి ఉంచాలి, వేసవిలో మూయాలి. తిరగేసి చేశారో, వెచ్చగాలిని మనమే పునాదిలోకి పంపినట్టు.

"ఇన్సులేషన్ మందంగా వేశాం కదా" అనేది ఇంకో ధీమా. ఇన్సులేషన్ వేడిని ఆలస్యం చేస్తుంది, ఆపదు. గదిలో 20 డిగ్రీలు, కింద మైనస్; ఏడాది పొడవునా వేడి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఎత్తుకుపోవాల్సింది అడుగున ఆడే చలిగాలే. ఆ ఖాళీలో పెట్టెలు పేర్చినా, మంచు పేరుకున్నా, పైపు కారినా గాలి పని ఆగిపోతుంది.

కరగడం బిల్డింగ్ నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఫ్లోర్ మీద గోళీ పెడితే నడిమికి దొర్లుతుంది. తలుపులు బిగుసుకుంటాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు దిగుతాయి. మన నల్లరేగడిలా వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంగే సంగతి కాదిది. కుంగింది మళ్లీ లేవదు.

కాళ్లు కొంకర్లు పోతుంటే ఓర్చుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను. ఫ్లోర్ లోపల ఇన్సులేషన్ పెంచమనండి, సందులు సీల్ చేయమనండి. కింది ఖాళీ జోలికి మాత్రం వెళ్లకండి.

మిగతావి క్లుప్తంగా. చలికి ఇంధనం గడ్డకడుతుందని పుకారు: విమాన ఇంధనం జెట్ ఏ-1 ఫ్రీజింగ్ పాయింట్ మైనస్ 47 డిగ్రీలు. ముందు గడ్డకట్టేది అందులో చేరిన నీరు, ఫిల్టర్ మూసుకుపోయేది దానితోనే. ట్యాంక్ అడుగున చేరిన నీటిని రోజూ డ్రెయిన్ చేయాలి. పైకి గట్టిపడితే చాలు, కాంక్రీట్‌కు ఢోకా లేదంటారు: సుమారు 3.5 మెగాపాస్కల్స్ బలం రాకముందే గడ్డకడితే లోపలి నీరు 9 శాతం ఉబ్బి చీలుస్తుంది. పైల్ (నేలలోకి దించే పునాది స్తంభం) దించగానే లోడ్ వేయొచ్చనుకోవడమూ తప్పే. చుట్టూ పోసిన ఇసుక, నీళ్ల స్లర్రీ పూర్తిగా గడ్డకట్టిందని థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) చూపాకే వేయాలి.