పుస్తక చర్చకి ముఖ్య అతిథి ఎందుకండీ? కొన్ని అపోహలు, వాస్తవాలు

శాఖా గ్రంథాలయంలో పెద్దవాళ్ల కోసం నెలకోసారి పుస్తక చర్చ నడుపుతుంటాను. కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఎవరైనా పెద్ద సాహితీవేత్తని పిలవాలి.

ఎక్కువ చెరుపు చేసేది ఇదే. పుస్తకం అనగానే మనకి సభే గుర్తొస్తుంది: వేదిక, మైకు, అధ్యక్షుడు, ముఖ్య అతిథి, చివర్లో శాలువా, వందన సమర్పణ. ఇందులో నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు వాచీ చూసుకుంటారు. చర్చకి కుర్చీలు గుండ్రంగా వేయాలి, నడిపే మనిషి అందరికన్నా తక్కువ మాట్లాడాలి, అంతే. 'పుస్తకం ఎలా ఉంది?' అని మాత్రం అడక్కండి, 'బాగుందండీ' అంటారు, అక్కడితో సరి. 'ఎవరి మీద కోపమొచ్చింది? ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?' అని అడగండి. ఓసారి గురజాడ 'దిద్దుబాటు' పెట్టుకున్నాం. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన భర్తకి భార్య ఉత్తరం ఒక్కటే కనబడటం, ఆవిడేమో మంచం కిందే ఉండి నవ్వడం అందరికీ తెలిసిన కథే కాబట్టి సరదాగా మాట్లాడుకుంటున్నారు. ఇంతలో టైలరింగ్ చేసే ఒకావిడ, 'ఆయన ఆ ఉత్తరం చదివి, పోతే పోయిందిలే అని ముసుగుతన్ని పడుకునుంటే ఆవిడ గతేంటి?' అంది. ఇక గంటసేపు నాకు పనే లేదు.

అపోహ: పుస్తకం పూర్తిచేసినవాళ్లే రావాలి.

అక్కర్లేదు. సగంలో ఆపేసినవాళ్లని ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో అడిగితే మంచి చర్చ అక్కడే పుడుతుంది. ఒక్క పేజీ కూడా తెరవకుండా వచ్చి దేశ రాజకీయాలన్నీ ఏకరువు పెట్టేవాళ్లూ ఉంటారనుకోండి. 'సార్, ఇది పుస్తకంలో ఎక్కడుంది?' అని నవ్వుతూ అడిగితే చాలు.

అపోహ: అందరికీ తలో కాపీ ఉండాలి.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వచ్చే సెస్సు మీద, అదీ సకాలంలో జమ అయితే, నడిచే గ్రంథాలయాలు మనవి. ఒకే నవల ఇరవై కాపీలు ఎక్కడ దొరుకుతాయి? అందుకే కథలతో మొదలుపెట్టండి. రచయిత పోయాక 60 ఏళ్లు గడిస్తే మన దేశంలో ఆ రచనల మీద కాపీరైట్ ఉండదు. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన కథల్ని నిశ్చింతగా జిరాక్స్ తీసి పంచొచ్చు. ఇప్పుడు రాస్తున్నవాళ్లదైతే ముందు అనుమతి అడగండి, లేదంటే ఉన్న ఒక్క కాపీనే వారానికొకరు చొప్పున తీసుకెళ్లండి.

అపోహ: లైబ్రరీలో మాట్లాడకూడదు.

చదువుకునే హాల్లో నిజమే, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలకి మన గోల ఎందుకు, వరండాలో కూర్చోండి. కానీ 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్న తరం వీటిని ఊరికే నిశ్శబ్దంగా ఉంచడానికి కట్టలేదు. చదువు రానివాళ్లకి చదివి వినిపించడం, రాత్రి బడులు నడపడం అన్నీ ఆ ఉద్యమంలో ఉన్నవే.

అపోహ: రిటైరైనవాళ్లే వస్తారు.

పగటిపూట పెడితే వాళ్లే వస్తారు మరి! ఆదివారం సాయంత్రం పెట్టి, చీకటి పడేలోపు ముగించి, పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చని చెప్పి చూడండి. తేదీ మాత్రం మార్చొద్దు. వానపడి ముగ్గురే వచ్చినా జరిపేయండి, వచ్చే నెల ఏం చదవాలో ఆ ముగ్గురినే తేల్చమనండి.