ఫోటోగ్రఫీ ఇంటర్న్‌షిప్: నేను నమ్మినవి, నాకు తెలిసొచ్చినవి

హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ చదువుతున్నా. వేసవి సెలవులకు ఇంటికొచ్చి, తిరుపతిలోనే ఒక పెళ్లిళ్ల స్టూడియోలో ఇంటర్న్‌గా చేరాను. పనిలేని రోజుల్లో శ్రీకాళహస్తి బస్సెక్కి కాలేజీ ప్రాజెక్టు చేసుకున్నా.

అపోహ: ఇంటర్న్ అనగానే చేతికి కెమెరా ఇచ్చేస్తారు.

మొదటి మూడు వారాలు నా చేతికొచ్చినవి లైట్ స్టాండు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, బ్యాటరీల చార్జరు. తెల్లవారుజాము ముహూర్తమైతే రాత్రి రెండుకే మండపంలో ఉండాలి. ఇక కెమెరా ఇచ్చిన రోజు నా నిర్వాకం చెబుతా. పెళ్లికొడుకు గదిలో ఏసీ గడ్డకట్టించేస్తోంది. అక్కడ నాలుగు ఫోటోలు తీసి, ‘ఎదురుకోలు’ అని కేక వినపడగానే బయటికి పరిగెత్తాను. కెమెరా కంటికి ఆనిస్తే అంతా పాలపొగ! చల్లబడ్డ గాజు మీద బయటి గాలిలో తేమ పట్టేసింది. తుడిచేకొద్దీ మళ్లీ పడుతోంది. ఈలోగా మేళం ముందుకెళ్లిపోయింది. కెమెరాను బ్యాగులో జిప్పు వేసి బయట కాసేపుంచి, మెల్లగా వేడెక్కాక తియ్యాలట. తిట్టాల్సినవన్నీ తిట్టాక సీనియర్ అన్న చెప్పాడు.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎక్కువుంటేనే పెద్ద ఆల్బం వస్తుంది.

12×18 అంగుళాల పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేయడానికి 5400×3600 పిక్సెళ్లు, అంటే 20 మెగాపిక్సెళ్ల లోపే చాలు. 24 మెగాపిక్సెళ్ల పాత కెమెరా బాడీ హాయిగా సరిపోతుంది. డబ్బులు మిగిలితే రెండు మెమరీ కార్డులు పట్టే బాడీ చూసుకోండి. కార్డు పోయిందని తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

అపోహ: తిరుపతి వాడివి కదా, కొండ మీద గుళ్లో తీస్తే ప్రాజెక్టు అయిపోతుంది.

శ్రీవారి గుళ్లోకి కెమెరా కాదుగదా, సెల్‌ఫోన్ కూడా పోదు. మా క్లాసులో ఇది అడగనివాళ్లు లేరు.

అపోహ: శ్రీకాళహస్తి కలంకారీయా? ఒక పూట చాలు.

నేనూ అలాగే వెళ్లి చెయ్యి, కలం, చెయ్యి, కలం అని నలభై ఫోటోలు తెచ్చుకున్నా. ఇంటికొచ్చి చూస్తే బట్ట ఒకదాంట్లో తెలుపు, ఇంకోదాంట్లో నీలం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టిన బట్ట అది, లేత పసుపు ఛాయ ఉంటుంది. రంగుల్ని తనంతట తానే సర్దే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని తప్పనుకుని ‘సరిదిద్దింది’. మర్నాటి నుంచి రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) పట్టుకెళ్లా.

అసలు చిక్కు పటికతో వచ్చింది. నల్ల గీత బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసింతో వేస్తారు, అది కళ్లకు కనపడుతుంది. పటిక రాస్తే మాత్రం నీళ్లు పూసినట్టే. ఉతికి, రంగు వేసిన నీళ్లలో ఉడకబెట్టాకే, పటిక తగిలిన చోట ఎరుపు తేలుతుంది. మొదటి రోజు సామాను సర్దుకుంటుంటే అక్కడి పెద్దాయన, ‘ఏం నైనా, ఇంగా ఎరుపే రాలేదే, అప్పుడే పోతా ఉండావా?’ అన్నాడు. ఆ ఎరుపు కోసం ఐదుసార్లు తిరిగాను. చివరికి నాకు బాగా నచ్చిన ఫోటోలో ఎరుపే లేదు. కిటికీ వెలుగు పక్కనుంచి వాలి, తడి పటిక ఒక్క క్షణం మెరిసిన ఫోటో అది. ఎదురుగా లైటు పెట్టుంటే ఆ తడి కనపడేదే కాదు.

అపోహ: నేను తీసిన ఫోటో నాదే.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చదివాక నోట మాట రాలేదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. ఉద్యోగంలోనో అప్రెంటిస్‌గానో తీస్తే ఆ హక్కు యజమానికి పోతుంది. రెండు దారుల్లోనూ ఇంటర్న్‌కు మిగిలేది సున్నా. అందుకే పోర్ట్‌ఫోలియోకి ఎనిమిది ఫోటోలు ఎంచి, వాడుకోవచ్చా అని స్టూడియో వాళ్లకు మెసేజ్ పెట్టా. వాళ్లు పెళ్లివారిని అడిగారు. ఏడు ఒప్పుకున్నారు. అప్పగింతలప్పుడు తండ్రి చెమట తుడుచుకుంటున్నట్టు కళ్లొత్తుకున్న ఫోటోను ఆయనే వద్దన్నారట. అది స్టూడియో హార్డ్‌డిస్కులోనే ఉంది.