అరకులో ‘లోకల్’ అంటే ఎవరు? 1/70 గొడవ వెనక కథ

2025 జనవరి 31 నుంచి మూడు రోజులు అరకులో చలి ఉత్సవాలు జరిగాయి. లైట్లు, స్టాళ్లు, గిరిజనుల థింసా నాట్యం. తొమ్మిది రోజులు తిరిగేసరికి అదే అరకులో బంద్. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల బంద్ పిలుపుతో మన్యం ఆగిపోయింది. బస్సులు కదల్లేదు, షాపులు తెరవలేదు. కొండెక్కాల్సిన టూరిస్టులు విశాఖ బీచ్ చూసుకుని సరిపెట్టుకున్నారు.

నిప్పు రాజేసింది ఒక్క మాట. జనవరి చివర్లో విశాఖలో జరిగిన టూరిజం పెట్టుబడుల సమావేశంలో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు, ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి 1/70 చట్టాన్ని సవరించాలన్న అర్థంలో మాట్లాడారు. ఆదివాసీ సంఘాలు భగ్గుమన్నాయి. చట్టం జోలికి వెళ్లబోమని చివరికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే చెప్పాల్సి వచ్చింది.

టీవీ చర్చలన్నీ భూమి దగ్గర మొదలై భూమి దగ్గరే ఆగాయి. అరకులో రెండు రోజులు బస చేసి కాస్త కళ్లు తెరిచి చూసినవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా తగులుతుంది. గది ఎవరిది, వడ్డించేది ఎవరు, ఆడేది ఎవరు, రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకునేది ఎవరు? ‘లోకల్’ అన్న మాట ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికో రెండింటికో మాత్రమే అతుకుతుంది.

1/70 ఎలా పుట్టిందో ఇక్కడ మళ్లీ చెప్పను, బంద్ రోజుల్లో పేపర్లలో అదే వచ్చింది. ఒక్క ముక్క గుర్తుంటే చాలు: షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఏజెన్సీలో, భూమి గిరిజనుడి చేతి నుంచి గిరిజనేతరుడికి పోకూడదు, ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికీ పోకూడదు. నా లెక్కలో ఇవాళ్టి రిసార్టుల గొడవకు అసలు మలుపు 1970 కాదు, 1997.

బొర్రా గుహలు చూడనివాళ్లు తక్కువ. గుహలున్న అదే బొర్రా పంచాయతీలో, అనంతగిరి మండలంలో, నిమ్మలపాడు అనే ఊరుంది. టూరిస్టు బస్సులు అటు వెళ్లవు. ఆ ఊరి కింద కాల్సైట్ ఖనిజం ఉంది. ప్రభుత్వం ఆ గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది, అందులో ఒకటి బిర్లా పెరిక్లేజ్. గిరిజనుల భూమిని గిరిజనేతరుడు కొనకూడదన్న ప్రభుత్వమే కంపెనీకి ఎలా లీజుకిస్తుందని ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు విభేదించారు. మెజారిటీ మాట ఇది: చట్టంలో ‘వ్యక్తి’ అన్న పదంలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. అంచేత షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థలకు, గిరిజనుల సహకార సంఘాలకు ఇవ్వొచ్చు. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి నిధిగా పక్కన పెట్టాలి.

గనుల కోసం నడిచిన కేసు ఇది. హోటళ్ల మాట వాదనల్లో ముఖ్యం కాదు. కానీ ఆ రోజు నుంచి అరకులో గది కట్టాలన్నవాడికి దారులు రెండే మిగిలాయి. ఒకటి, ప్రభుత్వ టూరిజం సంస్థ. అరకులో పెద్ద రిసార్టులు దాని పేరునే ఉండటానికి ఇదొక కారణం. రెండోది, ఒక గిరిజనుడి పేరు. పట్టా ఆయనది, కరెంటు మీటరు ఆయనది, పంచాయతీ అనుమతి ఆయనది. పెట్టుబడి మైదానం నుంచి వస్తుంది. ఆదివాసీ సంఘాలు ఏళ్ల తరబడి బినామీ అని మొత్తుకుంటున్నది దీన్నే. అధికారులు అప్పుడప్పుడూ నోటీసులు ఇస్తారు, కొన్ని కట్టడాలు ఆగుతాయి, కొన్నాళ్లకు మళ్లీ ఇటుకల లారీ ఘాట్ ఎక్కుతుంది.

అసలు విషయం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. చట్టానికి కాగితం మీద గిరిజనుడి పేరు కావాలి. టూరిస్టుకు కళ్లెదుట గిరిజనుడి ముఖం కావాలి. పేరు దొరికింది, ముఖమూ దొరికింది. మధ్యలో ఉండే మేనేజరు కుర్చీ, బుకింగ్ ఫోను, బ్యాంకు ఖాతా గురించి ఎవరూ అడగలేదు.

కొన్నేళ్ల కిందట డిసెంబరు చలిలో ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. పేరెందుకులెండి. టీ తెచ్చిన కుర్రాడికి తలపాగా చుట్టారు, మెడలో పూసల దండ వేశారు. మా పక్క గది కోల్‌కతా కుటుంబం అతనితో ఫోటోలు దిగింది. మర్నాడు పొద్దున్న తలపాగా లేకుండా బకెట్‌తో వేడినీళ్లు మోస్తుంటే పలకరించాను. “మీదే ఊరు తమ్ముడూ?” అటూ ఇటూ చూసి, “టెక్కలి దగ్గర సార్. అడిగితే అరకనే చెప్పమన్నారు” అన్నాడు. అతని తప్పేం లేదు. వలస వచ్చి పొట్ట పోసుకుంటున్నాడు. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన మాత్రం అచ్చంగా ఆ లోయవాడే. ఆయనకు తలపాగా పెట్టలేదు, ఖాకీ చొక్కా వేశారు. ఆయన ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. లోయలో చాలా తెగల మధ్య నడిచే భాష అదే. ఆ సంగతి రిసార్టు బ్రోచర్‌లో ఎక్కడా లేదు. టూరిస్టు ఊహలో ‘గిరిజనుడు’ ఒడియా మాట్లాడడు కదా.

థింసా సంగతి వేరే చెప్పాలి. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ రైలెక్కించి, సొరంగాలు దాటించి అరకులో దించి, సాయంత్రం బొర్రా మీదుగా బస్సులో వెనక్కి తెచ్చే టూరిజం ప్యాకేజీ చాలా ఏళ్లుగా నడుస్తోంది. మ్యూజియం, పద్మాపురం తోట, భోజనం, థింసా, కాఫీ తోట, గుహలు. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక రద్దీ ఇంకా పెరిగింది. ఆ జాబితాలో థింసా వాటా అరగంట.

ఊళ్లో థింసా అరగంట ఆట కాదు. చైత్రంలో ఇటుకల పండగకు, పెళ్లికి, కోతలయ్యాక రాత్రంతా ఆడేది. నడుముల వెనక చేతులు పెనవేసుకుని వరుస కట్టి, నెమలీకల కట్ట పట్టుకున్న మనిషి వెంట తుడుము, డప్పు, మోరి మోతకు పాములా మెలికలు తిరుగుతారు. రకాలే ఎనిమిది చెబుతారు. ఊరి దేవతకు ఆడేది బోడ థింసా. ఆకులు ఏరుతున్నట్టు వంగి లేచేది పొతర్ తోలా. పులి వస్తే ఎలా తప్పించుకోవాలో చూపేది బాగ్ థింసా. వాల్మీకి తెగవాళ్లు దీపావళికి ఒంటరిగా ఆడేది నాటికారి. ప్యాకేజీ అరగంటలో ఇవన్నీ కలిసి ఒక గుండ్రటి వరుస అయిపోయాయి. చివర్లో టూరిస్టుల్ని కూడా లాగి వరుసలో కలుపుతారు. వీడియోలు ఆ ఐదు నిమిషాలవే.

ఆట అయిపోయాక ఆడినవాళ్లు గోడ చాటుకు వెళ్లి మోకాళ్ల పైకి కట్టిన చీర విప్పి, చుడీదార్, పైన స్వెటర్ వేసుకుని ఆటో ఎక్కేస్తారు. ఒకసారి అలా ఆటో ఎక్కుతున్నవాళ్లను చూసి ఒకాయన భార్యతో అన్నాడు, “అయితే వీళ్లు ఒరిజినల్ కాదన్నమాట.” చలికి స్వెటర్ వేసుకుంటే ఒరిజినల్ కాకుండా పోతారు! ఆయన భార్య కట్టుకొచ్చింది జీన్సే, అయినా ఆమె తెలుగుదనాన్ని ఎవరూ శంకించలేదు.

మాడగడ కొండ మీద పొద్దున్నే మంచు మేఘాలు చూడటానికి వెళ్తే ఇదే తిరగేసి కనిపిస్తుంది. అక్కడ ఊరి ఆడవాళ్లు గిరిజన చీరలు, పూసలు అద్దెకిస్తారు. కట్టు కూడా వాళ్లే కడతారు. విశాఖ నుంచి వచ్చిన అమ్మాయి చీర కట్టుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని మేఘాల ముందు నిలబడింది. చీర అద్దెకిచ్చిన అక్క శాలువా కప్పుకుని, ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని ఫోటో తీస్తోంది. నిజానికి అరకులో నేను చూసిన నిఖార్సైన వ్యాపారం అదొక్కటే అనిపించింది. వేషం ఎవరిదో, డబ్బు ఎవరికో అందరికీ తెలుసు.

బొంగు చికెన్‌ది కూడా ఈ బాపతే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. అనంతగిరి దాటాక రోడ్డు పక్కన పొగ కనిపిస్తే అదే. చాలా బండ్ల దగ్గర కాల్చేది ఊరివాళ్లే, కాబట్టి ఇక్కడ డబ్బు కొంచెమైనా ఊళ్లోకి వెళ్తోంది. ఇప్పుడు విజయవాడ, హైదరాబాద్ రెస్టారెంట్లు కూడా బొంగు పెడుతున్నాయి, ‘అరకు స్పెషల్’ అని రాసి. అక్కడ కాల్చేది అరకువాడా అని మాత్రం ఎవరూ అడగరు.

ఇక్కడ ఇంకో తీర్పు గుర్తు చేయాలి, ఎందుకంటే బంద్‌లో 1/70తో పాటు వినిపించిన నినాదం అదే: జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు అది. పిల్లలకు వాళ్ల భాషలో చెప్పేవాళ్లు కావాలి, కొండ ఎక్కి రోజూ బడికొచ్చేవాళ్లు కావాలి అన్నది కారణం. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టపరంగా ఆ తర్కం ఏదైనా, కొండ మీద దాని అర్థం వేరుగా వినిపించింది. బడిలో పంతులు స్థానికుడే కావాలంటే తప్పు. రిసార్టులో ఆడేది స్థానికురాలే కావాలని టూరిస్టు అడిగితే అది టూరిజం. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి అడిగిన పాడేరు డీఎడ్ (టీచరు శిక్షణ) కుర్రాళ్లకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పెట్టుబడిదారుల వైపు మాటా ఉంది. భూమి మీద స్పష్టమైన హక్కు లేనిదే బ్యాంకు అప్పివ్వదు. పెద్ద హోటల్ వస్తే జీతాలు పెరుగుతాయి, పీఎఫ్ వస్తుంది, శిక్షణ వస్తుంది. రాష్ట్రం 2024 టూరిజం విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది కూడా అందుకే అంటారు. ఇందులో కొంత నిజముంది. అయితే శిక్షణ కావాలంటే భూమి ఎందుకు కావాలో ఎవరూ చెప్పరు. ప్రభుత్వం హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ పెట్టడానికి 1/70 అడ్డురాదు.

భూమి చేతులు మారకుండా టూరిజం నడవదన్న వాదనకు జవాబు మన్యంలోనే, రంపచోడవరం వైపు ఉంది. మారేడుమిల్లి దగ్గర వలమూరు జంగిల్ స్టార్ క్యాంపును అటవీ శాఖ అండతో ఊరి వన సంరక్షణ సమితి నడుపుతోంది. సౌకర్యాలు అంతంతమాత్రం, డేరాల్లో పడుకోవాలి, ఏసీ అడిగితే నవ్వుతారు. కానీ గది ఇచ్చేది, వండేది, అడవి చూపేది ఆ ఊరివాళ్లే. తలపాగా ఎవరూ చుట్టుకోరు, టూరిస్టూ అడగడు. పెట్టుబడుల సమావేశాల్లో ఇలాంటి క్యాంపుల పేరు వినపడదు. వందల కోట్ల పక్కన డేరా లెక్కలోకి రాదు మరి.

చట్టం మార్చబోమన్న ముఖ్యమంత్రి మాటతో బంద్ చల్లారింది. జీవో 3కి బదులు ఏం చేస్తారన్నది అప్పటికింకా ఎన్నికల హామీగానే ఉంది. రిసార్టుల్లో మేనేజరు నుంచి వెయిటరు దాకా ఎంతమంది ఆ మండలంవాళ్లో చెప్పే బోర్డు ఎక్కడా లేదు, పెట్టమని అడిగే నిబంధనా నాకు కనపడలేదు. కిరండూల్ రైలు రోజూ మధ్యాహ్నానికల్లా అరకు చేరుతుంది. ప్యాకేజీలో భోజనం తర్వాత థింసా.