మోతీని అక్కడే ఎందుకు ఉంచి వచ్చాం?

పిల్లలూ,

మన కుక్కపిల్ల మోతీని హైదరాబాద్ పశువుల దవాఖానలో చేర్చి వచ్చిన దగ్గర్నుంచి చిట్టి ఒకటే అడుగుతోంది. "తాతా, సూది వేయించి ఇంటికి తెస్తే అయిపోయేది గదా, అక్కడెందుకు ఉంచిన్రు? మనం వదిలేసినమనుకోదా అది?" అని. ఫోన్లో ఏదో సర్దిచెప్పాను గానీ ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. మీ దోస్తుల ఇళ్లలో కూడా కుక్కపిల్లలున్నాయి కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నా.

దానికి వచ్చింది పార్వో. ఆ వైరస్ కుక్కపిల్ల పేగుల లోపలి పొరను పాడుచేస్తుంది. పొర పోయాక తాగిన నీళ్లు ఒంటికి పట్టవు, వాంతిలో కొంత, నెత్తురు విరేచనాల్లో కొంత పోతూనే ఉంటాయి. ఒక్క సూదితో నయమయ్యే జబ్బు కాదు. వైరస్‌తో పోరాడి గెలవాల్సింది మోతీ ఒళ్లే, అందాకా ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గకుండా డాక్టర్లు కాసుకుని ఉండాలి.

మన కింది చెలకలో బత్తాయి అంట్లు మొన్న ఎండాకాలం వాడిపోయినప్పుడు చూశారు కదా. ట్యాంకర్ తెచ్చి ఒక్కసారే కుమ్మరిస్తే సగం నీళ్లు పారిపోతాయి, మిగతా సగం వేరును కుళ్లబెడతాయి. అందుకే డ్రిప్పు వేశాం, చుక్క చుక్కే పడాలి. మోతీ ముందుకాలి నరంలో సన్నటి గొట్టం పెట్టి సెలైన్ ఎక్కిస్తున్నదీ అట్లనే. తొందరపడి గబగబా ఎక్కిస్తే అంత చిన్న గుండె తట్టుకోలేదు. మరి మోటారు వేసి ఇంటికొచ్చి పడుకుంటే తోట తడుస్తుందా? ఏ పైపు ఊడిందో, ఏ డ్రిప్పర్‌లో ఉప్పు పేరుకుందో మీ నాన్న టార్చిలైటు పట్టుకుని సాలు సాలూ తిరుగుతాడు. అక్కడివాళ్లూ రాత్రి లేచి చూసేది ఇదే, గొట్టం మడత పడిందా, కాలు వాచిందా అని. వాచిందంటే నీళ్లు నరంలోకి కాక చర్మం కిందికి పోతున్నట్టు లెక్క. ఉడతలు పైపు కొరికినట్టు మోతీ కూడా ఆ గొట్టాన్ని కొరకబోతుంది, అందుకే దాని మెడకు ఆ వెడల్పాటి ప్లాస్టిక్ కాలర్, శిక్ష వేసి కాదు. ఎంత వాంతి అయింది, ఎంత విరేచనం అయింది అని రాసి పెట్టుకుని దాన్ని బట్టి సెలైన్ పెంచుతారు, పాదులో మట్టి చేత్తో పిసికి చూసి మనం మోటారు టైం పెంచినట్టే.

నా చిన్నప్పుడు దేవరకొండ దిక్కు ఈ జబ్బు పేరు ఎవరూ వినలేదు. వినడానికి అసలు 1978 దాకా ప్రపంచంలో ఎవరికీ ఇది తెలియదు. అప్పుడు దవాఖాన అంటే ఎడ్లకే. మా తెల్ల ఎద్దు మేత మానేస్తే మా తాత కొట్టంలోనే నులకమంచం వేసుకున్నాడు. వెదురు గొట్టంతో గంజి తాపేవాడు, లాంతరు పట్టుకునే పని నాది, ఎద్దు తల విదిలిస్తే గంజి నా అంగీ మీదే పడేది. మధ్యరాత్రి లేచి దాని ముట్టె మీద వేలు పెట్టి చూసేవాడు, చెమ్మ ఉందంటే కాసేపు కునుకు, పొడిగా ఉందంటే ఇక నిద్ర లేదు. జబ్బు పశువు దగ్గర మనిషి ఉండాలి పిల్లలూ. మోతీ దగ్గర ఇప్పుడు ఆ మనుషులు మనం కాదు, పశువైద్యం ఐదున్నరేళ్లు చదివినవాళ్లు. అంతే తేడా.

పాలు తాపుదామన్నావు కదా చిట్టీ, వాంతి చేసుకుంటున్నదానికి బలవంతంగా తాపితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

మిమ్మల్ని లోపలికి రానీయలేదని కోపం తెచ్చుకోకండి. ఈ పార్వో మనుషులకు రాదు, కానీ మన చెప్పులకు, బట్టలకు అంటుకుని ఇంకో కుక్కపిల్ల దాకా పోతుంది. మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మోతీ పడుకున్న వాకిలిని బ్లీచింగ్ నీళ్లతో కడగమన్నది అందుకే.

వదిలేసినమనుకుంటుందా అంటే, దాని మనసులో ఏముందో నేను చెప్పలేను. ఒకటి మాత్రం తెలుసు. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 60 లక్షలైతే కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే. నానమ్మ పాత చీర ముక్క డాక్టర్నడిగి దాని పక్కన పెట్టించాం. మనకు అది ఉత్త గుడ్డ. మోతీకి అందులో నానమ్మ ఉంది, పొయ్యి పొగ ఉంది, మీ అందరి చేతులూ ఉన్నాయి. ఎట్లా పడుతుందో అంత వాసన, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

ఈ జబ్బు వచ్చిన అన్ని కుక్కపిల్లలూ బతకవు, అది దాచను. మొదటి మూడు నాలుగు రోజులు గట్టెక్కితే చాలావరకు కోలుకుంటాయి. మీ దోస్తులకు మాత్రం చెప్పండి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ పోవాలి, ఒక్కటితో ఆపొద్దు.

ఇప్పుడొక పని చేయండి. మీకు బాగా అలవాటున్న కుక్క, టీకాలన్నీ వేయించింది, ఎవరింట్లో ఉందో చూసి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని మెల్లగా దాని పై పెదవి ఎత్తండి. పంటి చిగురు గులాబీ రంగులో ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగొస్తుంది. ఒంట్లో నీళ్లు, నెత్తురు సరిగ్గా ఉంటే రెండు సెకన్లలోపే రావాలి. మోతీకి డాక్టరు పూటపూటకూ ఇదే చూస్తున్నాడు. మీరు చూసిన కుక్కకు ఎంతసేపట్లో వచ్చిందో నాకు రాయండి.

మీ తాత