ఒకే సముద్రం, ఎవరి మేత వారిది

దక్షిణ అట్లాంటిక్‌లో సౌత్ జార్జియా దీవికి వాయవ్య కొసన బర్డ్ ఐలాండ్ ఉంది. పొడవు సుమారు 5 కిలోమీటర్లు. 1775లో కెప్టెన్ కుక్ అక్కడి పక్షుల గుంపులను చూసి పెట్టిన పేరది. వేసవి వస్తే ఇప్పటికీ లక్షల పక్షులు అక్కడ పిల్లలను సాకుతాయి. అన్నిటికీ ఆ సముద్రమే దిక్కు.

జెంటూ పెంగ్విన్లు తీరం దగ్గరే మేస్తాయి. ప్రయాన్ పక్షి ముక్కు లోపలి అంచున దువ్వెన పళ్లలాంటి వరుస ఉంటుంది. దానితో నీటిని వడగట్టి అందులోని చిన్న చిన్న జీవులను మింగుతుంది. తెల్లగడ్డం పెట్రెల్ అనే సముద్రపక్షిది వాసన పట్టే విద్య. రొయ్యను పోలిన క్రిల్ నీటిలోని సూక్ష్మమొక్కలను మేసేటప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాసన గల వాయువు వెలువడుతుంది. ఆ జాడ పట్టుకుని పెట్రెల్ మేత చేరుకుంటుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షుల్లో రెండు జాతుల కథ. నల్లకనుబొమల జాతి, బూడిదతల జాతి ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి, ఒకే దీవిలో గూళ్లు కడతాయి. మొదటిది పిల్లకు ఎక్కువగా క్రిల్, చేపలు తెస్తుంది; రెండోదాని మేతలో స్క్విడ్ అనే మెత్తటి శరీరపు సముద్రజీవిదే పెద్ద వాటా. స్క్విడ్‌లో శక్తీ, కాల్షియమూ తక్కువ. నల్లకనుబొమల పిల్ల దాదాపు 4 నెలల్లో ఎగిరిపోతుంది, బూడిదతల పిల్లకు మరో మూడు నాలుగు వారాలు పడుతుంది. మొదటిది ఏటా గుడ్డు పెడుతుంది. రెండోది పిల్లను పెంచి పంపాక సాధారణంగా మరుసటి ఏడు విశ్రాంతి తీసుకుంటుంది. అలాగని క్రిల్‌ను నమ్ముకోవడమే మేలని చెప్పలేం: అది కరువైన ఏట నల్లకనుబొమల పిల్లలు చాలావరకు బతకవు.

రెక్కలు చాస్తే 3 మీటర్లు దాటే వాండరింగ్ ఆల్బట్రాస్ పిల్ల శీతాకాలమంతా గూటిలోనే ఉంటుంది. ఎగిరే ముందు, అరగనివన్నీ ముద్దగా కక్కేస్తుంది. ఆ ముద్దను విడదీస్తే నల్లగా మెరిసే, చిలుక ముక్కులా వంగిన గట్టి పెంకులు బయటపడతాయి. అవి స్క్విడ్‌ల నోటి ముక్కులు. కింది ముక్కును కొలిచి అది ఏ జాతిదో, స్క్విడ్ ఎంత బరువుండేదో శాస్త్రవేత్తలు లెక్కగడతారు. మనుషుల కంటబడని లోతు నీటి జీవులు ఎన్నో ఇలా తెలిశాయి.

ఆ గూళ్ల దగ్గరే చేపల గాలాలు కూడా దొరుకుతున్నాయి. ఎరకు ఆశపడిన పక్షి గాలానికి చిక్కి మునిగిపోతుంది. సౌత్ జార్జియా జలాల్లో గాలాలు కట్టిన పొడవాటి తాళ్లను రాత్రిపూటే నీటిలో వదలడం, పక్షులను బెదిరించే రిబ్బన్లు కట్టడం వంటి నియమాలతో ఈ చావులు దాదాపు ఆగిపోయాయి. కానీ వాండరింగ్ ఆల్బట్రాస్ మేత కోసం వేల కిలోమీటర్లు తిరుగుతుంది. ఆ నియమాలు పాటించని పడవలు దానికి దారిలో ఎదురవుతూనే ఉన్నాయి.